ఫొటో లేని రికార్డు

1966 జనవరిలో ఆర్‌సీఏ కంపెనీ ఒక కొత్త గాయకుడి రికార్డును అమెరికా రేడియో స్టేషన్లకు పంపింది. పేరు 'కంట్రీ' చార్లీ ప్రైడ్. మామూలుగా రికార్డుతోపాటు గాయకుడి ఫొటో కూడా వెళ్తుంది. ఈసారి వెళ్ళలేదు. ఎందుకంటే అతను నల్లవాడు. కంట్రీ సంగీతం తెల్లవాళ్ళదని అప్పటికే ముద్ర పడిపోయింది.

ప్రైడ్ 1934లో మిసిసిపీ రాష్ట్రంలోని స్లెడ్జ్‌లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో నాలుగోవాడు. పంటలో పాలుకు పత్తి పండించే కుటుంబం. చిన్నప్పుడే పత్తి తీశాడు. నాన్న రేడియోలో 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' పెడితే ఆ పాటలు వంటబట్టాయి. పద్నాలుగేళ్ళకు గిటారు చేతికొచ్చింది.

అయితే పత్తి చేను దాటించింది పాట కాదు, బేస్‌బాల్. నల్లవాళ్ళకు విడిగా పెట్టిన లీగ్‌లో మెంఫిస్ రెడ్ సాక్స్‌కు ఆడాడు. తర్వాత మోంటానాలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, దాని జట్టుకు ఆడుతూ, ఆటకు ముందూ రాత్రిళ్ళు బార్లలోనూ పాడాడు. అక్కడ విన్న గాయకులు రెడ్ ఫోలీ, రెడ్ సొవైన్ నాష్‌విల్ వెళ్ళమన్నారు. చివరికి ఆర్‌సీఏలో చెట్ అట్కిన్స్ తలుపు తీశాడు. కానీ ఫొటో దాచి!

డెట్రాయిట్‌లో ఓ పెద్ద కచేరీ. పేరు పిలవగానే చప్పట్లు. మనిషి వేదికెక్కగానే నిశ్శబ్దం. తన రంగు మీద తనే జోకు వేసుకుని, జనాన్ని తేలికపరిచి, అప్పుడు పాడాడు. అవమానించినవాళ్ళ ఇబ్బందిని అవమానపడ్డవాడే తీర్చాలి. ఇది మనకు తెలియనిదా?

ఇంతకీ ఆ సంగీతం ఎవరిది? అందులో మోగే బాంజో ఆఫ్రికా బానిసలతో వచ్చిన వాద్యం. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ళ పాటల్ని 'రేస్ రికార్డులు'గా, తెల్లవాళ్ళ పాటల్ని 'హిల్‌బిల్లీ'గా విడగొట్టి అమ్మాయి. ఓప్రీ తొలి తారల్లో ఒకడైన నల్లజాతి హార్మోనికా కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తీసేశారు. ఆయన బూట్లు పాలిష్ చేసే దుకాణంతో బతికాడు. 1967లో అదే ఓప్రీ వేదిక మీద ప్రైడ్ పాడాడు.

1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ప్రైడ్‌ను ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎన్నుకుంది. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ అవార్డు మరో నల్లవాడికి రాలేదు. ఒకడు గోడ దూకాడని గోడ కూలిపోదు.

పెళ్ళి ఊరేగింపుకి మన డప్పు కావాలి. కొట్టినవాడికి పందిట్లో బంతి వేరు. కళకు కులం లేదని ఎవరైనా చెబితే, ఆ రికార్డుతో వెళ్ళని ఫొటో ఏమైందని అడగండి.