పశ్చాత్తాపపడని వానిని క్షమింపవచ్చునా?



నందికొండ యొద్ద కృష్ణానదికి అడ్డముగా కట్టిన ఆనకట్టను మనలో అనేకులు చూచియున్నారు. 1955 డిశెంబరు 10న దానికి శంకుస్థాపన జరిగెను. అంతటి కట్టకును నీరు విడుచుటకు గేట్లు కావలసివచ్చెను. మన పల్లె చెరువు మాటయు అంతే. మత్తడి లేని చెరువు వాన మిక్కుటమైన రాత్రి తన కట్టనే తెంచుకొనును. పగను నిలువచేసికొనిన హృదయమును అట్టిదే.

అయితే కొందరు ఇట్లడుగుదురు: "నా పొలము గట్టు జరిపినవాడు నేటికిని తప్పు ఒప్పుకొనలేదు. ఎదురుపడిన నవ్వుచు పోవుచున్నాడు. అట్టివానిని నేనెట్లు క్షమింతును?" ఈ ప్రశ్న తేలికైనది కాదు. మన జిల్లాకు సువార్త తెచ్చినవారి పూర్వుల చరిత్రలో దీనికి తగిన సంగతి యొకటి కలదు.

1890లో అబ్రహాము ఫ్రీసెన్ దొరగారును మరియ దొరసానిగారును రష్యా దేశమునుండి నల్లగొండకు వచ్చిరి. వారు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘమువారు. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేసిరి. తరువాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, మహబూబునగరములలోను ఆ సంఘమువారి సేవ సాగెను.

ఈ మెన్నొనైట్ల పూర్వులు 16వ శతాబ్దమున యూరపులో మిక్కిలి హింసింపబడిరి. విశ్వసించినవారికే బాప్తిస్మ మియ్యవలెనని బోధించినందున అనేకులు చంపబడిరి. వారిలో హాలండు దేశమందలి ఆస్పెరెన్ ఊరివాడైన డిర్క్ విల్లెమ్స్ ఒకడు. అతడు చెర తప్పించుకొని, గడ్డకట్టిన నీటిమీదుగా పరుగెత్తి ఆవలి గట్టు చేరెను. తరుముకొని వచ్చిన బంటు కాళ్లక్రింద మంచు విరిగెను. వాడు మునుగజొచ్చెను. డిర్కు వెనుకకు తిరిగివచ్చి, వాని చెయ్యిపట్టి లాగి బ్రదికించెను. బంటు అతనిని విడిచిపెట్టగోరెను గాని, గట్టుమీదనున్న అధికారి వాని ప్రమాణమును జ్ఞాపకముచేసి, పట్టుకొమ్మని ఆజ్ఞాపించెను. 1569 మే 16న డిర్కును సజీవముగా కాల్చిరి.

చూచితిరా? ఆ అధికారి మనస్సు కరుగలేదు. చేసిన మేలు డిర్కు ప్రాణమును కాపాడలేదు. అయినను అతడు చెయ్యి చాపుటకు ముందు ఏ హామీయు అడుగలేదు. మన ప్రభువును అట్లే చేసెను. సైనికులు ఆయన వస్త్రములకొరకు చీట్లు వేయుచుండగా, సిలువమీదనుండి ఆయన వారికొరకు తండ్రిని వేడుకొనెను.

అయితే క్షమించుట యనగా కీడును మేలని చెప్పుట కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌గారిని, ఆయన ఇద్దరు చిన్న కుమారులను వాహనములోనే కాల్చి చంపిరి. హంతకులు క్షమాపణ కోరకమునుపే ఆయన భార్య గ్లాడిస్‌గారు వారిని క్షమించితినని చెప్పిరి. న్యాయస్థానము తన పని తాను చేసెను. ముఖ్య నేరస్థుని యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీము కోర్టు స్థిరపరచెను. ఆమె మాత్రము 2004 వరకు బారిపదలోనే యుండి కుష్ఠువ్యాధిగ్రస్థులకు సేవచేసిరి. క్షమ వేరు, శిక్ష వేరు.

కావున సహోదరుడా, గట్టు విషయమై పంచాయతీకి పోవచ్చును, సర్వేయరును పిలువవచ్చును. అది పాపము కాదు. సమాధానపడుటకు ఇద్దరు కావలెను. వాడు రానియెడల ఆ దోషము నీది కాదు. క్షమించుటకు నీవొక్కడవు చాలు. ఈ ఆదివారము ప్రభువు బల్లయొద్దకు పోకమునుపు వాని పేరు చెప్పి ప్రార్థింపుము. రేపు వాని ఎద్దు బావిలో పడినయెడల, త్రాడు పట్టుకొని నీవే ముందు వెళ్లుము.