పెన్సిల్ విరిగిన పిల్లాడు

ఐదున్నరేళ్ల పిల్లాడు ట్రామ్ బండి బొమ్మ గీస్తున్నాడు. చక్రం గుండ్రంగా తిప్పుతుండగా పెన్సిల్ ముల్లు విరిగింది. వాడు వదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కి సున్నా పూర్తి చేయబోయాడు. కాగితం మీద గాడి పడింది గానీ గీత పడలేదు. విరిగిపోయిందని తనలో తను గొణుక్కుని, పెన్సిల్ పక్కన పడేసి రంగులు అందుకున్నాడు. ఈసారి వేసింది ప్రమాదంలో విరిగిపోయిన ట్రామ్ బొమ్మ. బొమ్మ ఎలా మారిందో తనకు తనే చెప్పుకుంటూ వేశాడు.

1920ల్లో సోవియట్ రష్యాలో మనోవిజ్ఞాని లెవ్ వైగాట్‌స్కీ, ఆయన సహచరులు చేసిన పరిశీలనల్లో ఇదొకటి. మనమైతే ముచ్చటపడి ఊరుకునే సంగతి. వైగాట్‌స్కీ ఊరుకోలేదు. పిల్లాడు ఆ మాట అన్నది పెన్సిల్ గురించి. అదే మాట మరుక్షణంలో బొమ్మకు కొత్త కథ అయింది. ముందు ఆలోచించి తర్వాత మాట్లాడాడా, లేక ఆ గొణుగుడే వాడి ఆలోచనా?

మా ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉంది. చెప్పుల బకిల్ పెట్టుకుంటున్నంతసేపూ దానికి నోరు ఆగదు. ‘ఇది ఇందులోంచి... కాదు కాదు, ఇటు... ఆఁ, వచ్చేసింది’ అంటుంది. పక్కన ఎవరున్నారో చూడదు, జవాబు అడగదు. ‘ఎవరితోనే నీ మాటలు?’ అని పెద్దవాళ్లు నవ్వుతారు. సరిగ్గా ఆ ప్రశ్న మీదే ఇద్దరు మహానుభావులు వాదించుకున్నారు. ఒకరినొకరు కలుసుకోకుండానే.

టెట్, డీఎస్సీలకు చదివినవాళ్లకు ఆ రెండు పేర్లూ కంఠతా వచ్చు: పియాజే, వైగాట్‌స్కీ. శిశు వికాసం పాఠంలో ఒకరి కింద నాలుగు దశలు, ఇంకొకరి కింద సామీప్య వికాస మండలం. నాలుగు ఐచ్ఛికాల్లో సరైన అక్షరం దిద్ది ముందుకు పోతాం. ఆ అక్షరాల వెనక ఉన్న మనుషుల కథ మాత్రం గైడుల్లో దొరకదు. ఇద్దరూ 1896లోనే పుట్టారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జాఁ పియాజే ఆ ఏడు ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో పుట్టాడు. మొదట జీవశాస్త్రం చదివి, నత్తల మీద పరిశోధన చేశాడు. తర్వాత ప్యారిస్ వెళ్లి, పిల్లల తెలివితేటల పరీక్షలను ప్రమాణీకరించే పనికి కుదిరాడు. ఎన్ని జవాబులు ఒప్పో లెక్క కట్టడం ఆ పని. ఆయన దృష్టి తప్పుల మీద నిలిచింది. ఒకే వయసు పిల్లలు ఒకే తీరుగా తప్పు చేస్తున్నారు. అంటే వాళ్లకు తెలివి తక్కువై కాదు, వాళ్ల ఆలోచనకు వేరే పద్ధతి ఉంది. పిల్లల మనసు గురించి వచ్చిన ఇన్ని మాటల్లో నన్ను ఇంతగా కదిలించింది మరొకటి లేదు. తప్పు జవాబుకు ఎర్రసిరా గీత గీసే బదులు, అది ఎలా వచ్చిందని పిల్లాడినే కూర్చోబెట్టుకుని అడిగిన మనిషాయన.

1921లో జెనీవాలోని రూసో సంస్థలో చేరాక, ఆరేళ్ల పిల్లల మాటలను పూసగుచ్చినట్టు రాయించాడు. వాటిలో దాదాపు సగం ఎవరినీ ఉద్దేశించినవి కావు. ఎదుటివాడి వైపు నుంచి చూడటం ఇంకా చేతకాదు కాబట్టి పిల్లలు ఇలా మాట్లాడతారని, నలుగురితో కలిసిమెలిసి తిరిగేకొద్దీ ఈ అహంకేంద్రిత భాష దానంతటదే రాలిపోతుందని 1923లో తన పుస్తకంలో రాశాడు.

వైగాట్‌స్కీ 1896 నవంబరులో ఇప్పటి బెలారస్‌లోని ఓర్షాలో ఒక యూదు కుటుంబంలో పుట్టి, గోమెల్‌లో పెరిగాడు. జారు పాలనలో మాస్కో విశ్వవిద్యాలయంలో యూదులకు నూటికి 3 సీట్లే. ఆయన చేరిన 1913లో అవీ లాటరీ తీసి ఇచ్చారు. అదృష్టం కలిసొచ్చి సీటు దొరికింది. చదివింది న్యాయశాస్త్రం, ప్రాణం పెట్టింది సాహిత్యం మీద. గోమెల్ తిరిగొచ్చి పంతులయ్యాడు. క్షయ కూడా అక్కడే అంటుకుంది. 1924 జనవరిలో పెట్రోగ్రాడ్‌లో మనోవిజ్ఞానుల మహాసభలో ప్రసంగించాడు. రాసుకున్న కాగితం చేతిలో లేదు. ఆ సభలో ఉన్న 21 ఏళ్ల యువ మనోవిజ్ఞాని అలెగ్జాండర్ లూరియా నివ్వెరపోయాడు. ఆ ఏడాదే వైగాట్‌స్కీకి మాస్కో మనోవిజ్ఞాన సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ఆ సంస్థ భవనం నేలమాళిగలోనే కాపురం పెట్టాడు. చేతిలో ఉన్నది ఇక పదేళ్లే.

పియాజేను ఆయన తేలిగ్గా తీసేయలేదు. పియాజే పుస్తకాల రష్యన్ అనువాదానికి 1932లో పీఠిక రాసి, మెచ్చుకోవాల్సిన చోట మనసారా మెచ్చుకున్నాడు. కాదనాల్సిన చోట ప్రయోగం చూపించాడు. పిల్లలు బొమ్మ వేస్తుంటే కావాల్సిన రంగు పెన్సిలో, కాగితమో దొరక్కుండా చేశారు. గొణుగుడు దాదాపు రెట్టింపయింది. ఒక బిడ్డ నీలం పెన్సిల్ దొరక్క, పోనీలే ఎరుపుతోనే వేసి నీళ్లతో తడిపితే ముదురుగా నీలంలా కనిపిస్తుందని తనకు తనే దారి చెప్పుకున్నాడు. పని సాఫీగా సాగితే మాట అక్కర్లేదు. చిక్కొచ్చినప్పుడే మాట చేయందిస్తుంది.

ఇంకో ప్రయోగంలో బిడ్డను చెవిటి పిల్లల మధ్య, లేదా వేరే భాష మాట్లాడే పిల్లల మధ్య కూర్చోబెట్టారు. ఎదుటివాళ్లతో నిమిత్తం లేని మాటలే అయితే గొణుగుడు తగ్గకూడదు కదా. బాగా తగ్గిపోయింది. పక్కవాళ్లకు అర్థమవుతుందన్న నమ్మకం ఆ గొణుగుడులో ఇంకా మిగిలే ఉందన్నమాట. అది రాలిపోయే మాట కాదు, లోపలికి ఇంకే మాట అని వైగాట్‌స్కీ తేల్చాడు. అమ్మ బిడ్డతో అంటుంది, బిడ్డ తనతో పైకి అనుకుంటాడు, చివరికి పెదవి కదపకుండా అనుకుంటాడు. చిన్నవాడు బొమ్మ వేశాక దానికి పేరు పెడతాడు. కాస్త పెద్దయ్యాక, ఏం వేయబోతున్నాడో ముందే చెప్పి వేస్తాడు. పని వెనక నడిచిన మాట పనికి ముందు నడుస్తుంది.

సామీప్య వికాస మండలం పుట్టిందీ ఈ ఆలోచనలోంచే. ఇద్దరు పిల్లలున్నారు. పరీక్ష పెడితే ఇద్దరిదీ ఎనిమిదేళ్ల స్థాయి. అక్కడ ఆగకుండా కొంచెం దారి చూపండి, మొదటి మెట్టు చేసి చూపండి. ఒకడు పన్నెండేళ్ల వాళ్ల లెక్కలు చేస్తాడు, ఇంకొకడు తొమ్మిదేళ్ల దగ్గర ఆగుతాడు. ఇద్దరూ ఒకటేనా అని ఆయన అడిగాడు. మన మార్కుల జాబితాల్లో మాత్రం ఇద్దరూ ఇప్పటికీ ఒకటే. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. గైడుల్లో దీని పక్కనే స్కఫోల్డింగ్ అన్న మాట కూడా వైగాట్‌స్కీ ఖాతాలో వేస్తారు. మేస్త్రీ గోడ లేపడానికి కట్టి, పనయ్యాక విప్పేసే పరంజా లాంటి సాయమని దాని అర్థం. ఆ మాట 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోది.

1934 వసంతానికి క్షయ ముదిరిపోయింది. ‘ఆలోచన - భాష’ పుస్తకం చివరి అధ్యాయం ఆయన చెబుతుంటే మరొకరు రాసుకున్నారు. జూన్ 11న పోయాడు. వయసు 37. పుస్తకం ఆ ఏడాది చివర్లో వచ్చింది. 1936 జులైలో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర సంఘం పిల్లల అధ్యయన శాస్త్రాన్నే తప్పుబడుతూ తీర్మానం చేయడంతో ఆయన రాతలు మరుగునపడ్డాయి. 1956లో గానీ మళ్లీ అచ్చుకు నోచుకోలేదు.

‘ఆలోచన - భాష’ ఇంగ్లీషు అనువాదం 1962లో అమెరికాలో వెలువడింది. తన మీద వచ్చిన విమర్శకు జవాబు రాయమని పియాజేను అడిగారు. తన సాటివాడి పుస్తకాన్ని అతను పోయాక, అచ్చయిన పాతికేళ్లకు చదవాల్సి రావడం విచారంగా ఉందంటూ ఆయన మొదలుపెట్టాడు. అన్నింటితో ఏకీభవించలేనని, అయినా ఆ గొణుగుడు గురించి వైగాట్‌స్కీ చెప్పినదాన్ని గౌరవిస్తున్నానని రాశాడు. ఆ జవాబు పుస్తకం లోపల కూడా లేదు. విడిగా చిన్న కరపుస్తకంగా వచ్చింది. వాళ్లిద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతే: ఇటు నుంచి ఒక పీఠిక, ముప్పై ఏళ్లకు అటు నుంచి ఒక కరపుస్తకం.