వీరగాథకు వారసులెవరు? వాంగ్ ఫీ హుంగ్ చిత్రాలు – కోయ పడిగె: ఒక తులనాత్మక పరిశీలన

జానపద వీరుడు జనస్మృతిలో నిలవడానికి అతని పరాక్రమం ఒక్కటే చాలదు. ఆ పరాక్రమాన్ని తరువాతి తరానికి చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉన్నదనేది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. దక్షిణ చైనా యుద్ధవిద్యా వీరుడు వాంగ్ ఫీ హుంగ్ గాథను, చర్ల పరిసరాల కోయ వీరగాథా సంప్రదాయాన్ని పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నను పరిశీలించడం ప్రస్తుత వ్యాసోద్దేశం. ఈ రెంటికీ చారిత్రక సంబంధమేదీ లేదు. పోలిక కథలకు కాదు, కథ చేతులు మారిన తీరుకు.

వాంగ్ ఫీ హుంగ్ 1847లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో జన్మించి 1925లో మరణించాడు. హుంగ్ గార్ యుద్ధవిద్యకు గురువు. విరిగిన ఎముకలు కట్టే వైద్యుడు. గ్వాంగ్‌జౌలోని అతని వైద్యశాల 'పో చి లామ్' 1924 నాటి వర్తక దళాల తిరుగుబాటులో దగ్ధమైంది. అతని ప్రధాన శిష్యుడు లామ్ సాయి వింగ్ వృత్తిరీత్యా మాంసవిక్రేత. ఆ శిష్యుని శిష్యుడు జూ యూజాయ్ గురుపరంపరలో విన్న కథలను నవలలుగా వ్రాశాడు. 1949లో హాంకాంగ్‌లో తొలి చిత్రం వెలువడింది. అందులో వాంగ్ పాత్ర ధరించిన క్వాన్ టాక్ హింగ్ ఆ తరువాత 70కి పైగా చిత్రాలలో అదే పాత్రను పోషించాడు. ఇక్కడ గమనించవలసిన విశేషం వేరే ఉంది. లామ్ సాయి వింగ్ వద్ద విద్య నేర్చిన లౌ చామ్ ఈ చిత్రాలలో స్వయంగా తన గురువు పాత్ర ధరించాడు. అంటే విద్యకు వారసులైనవారే తెర మీదికి వచ్చారు. 1978లో జాకీ చాన్ హాస్య పాత్రగా, 1991లో జెట్ లీ సామ్రాజ్యవాద వ్యతిరేక వీరునిగా వాంగ్‌ను మార్చినప్పటికీ పరంపర పట్టు పూర్తిగా సడలలేదు.

ఇక చర్ల. గోదావరి ఎడమగట్టున, బస్తరు నుండి దిగివచ్చే తాలిపేరు వాగు సమీపాన ఉన్న ఈ ప్రాంతానికి పాలనాసరిహద్దులు ఎన్నడూ స్థిరంగా లేవు. 1874లో భద్రాచలం తాలూకా మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానికి మారింది. 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాకు, 2016లో చర్ల మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు వచ్చాయి. మొదటి మార్పు కేవలం కాగితాల మీదిది కాదు. గొడ్డలికింత చొప్పున కట్టే పోడుపన్ను మద్రాసు పాలనలో పెరిగింది. కొన్ని అడవుల్లో పోడు నిషిద్ధమైంది. 1879లో రంప పితూరీ ఈ తాలూకాలోని రేకపల్లికి పాకడానికి ఇదే కారణం. అక్కడి నాయకుడు అంబుల్ రెడ్డి పేరు గెజిటీరులో మిగిలింది. సినిమా అతన్ని ఎరుగదు.

ఈ అడవిలో వీరుని కథ చెప్పే అధికారం డోలీలది. కోయలలో మూడు నుండి ఏడు వరకు గట్టులున్నాయి. ప్రతి గట్టుకూ తన వేల్పులు, మూలపురుషులు, వారి బొమ్మలున్న త్రిభుజాకారపు గుడ్డ పడిగె ఉంటాయి. కొలుపులలో పడిగెను ఎత్తి, డోలు వాయిస్తూ ఆ కథను డోలీలు పాడతారు. కనుక పడిగెను అలంకారవస్త్రంగా మాత్రమే చూడడం పొరపాటు. దాన్ని వంశచరిత్రగా చదవాలి. చదవడం తెలిసినవారు డోలీలు. జయధీర్ తిరుమలరావు పరిశోధన ఈ దిశలో ముఖ్యమైనది.

సమ్మక్క, పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్నల కథ ఇందుకు ప్రధానోదాహరణ. కరవు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యంతో యుద్ధం, సంపెంగవాగులో జంపన్న ప్రాణత్యాగం, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యం కావడం ఇందులోని ప్రధాన ఘట్టాలు. ఈ కథకు ఆధారం మౌఖిక సంప్రదాయమే. మేడారంలో విగ్రహం లేదు. గద్దెలు, వెదురు, కుంకుమ భరిణ ఉన్నాయి. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఈ జాతర చుట్టూ అమ్ముడుపోయే పటాలలో మాత్రం సమ్మక్క పులి మీద కూర్చున్న దుర్గను పోలి కనిపిస్తుంది. జనాదరణ పెరిగినకొద్దీ కోయరూపం పలచబడడం ఇక్కడ స్పష్టం.

సినిమా విషయం ఇంకా విచిత్రం. 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు', 2022లో 'ఆర్ఆర్ఆర్' మన్యవీరుని ఇంటింటికీ చేర్చాయి. కాని 1922–24 పోరాటంలో రాజు వెంట నిలిచిన గాం సోదరులలో మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికైన సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? హాంకాంగ్‌లో గురుపరంపర తెరకెక్కింది. మన తెర మీద అడవి ఎక్కువగా నేపథ్యమే అయింది. దీనికి దర్శకులను నిందించి ప్రయోజనం లేదు. యుద్ధవిద్య నగరంలో బ్రతికి పత్రికను, స్టూడియోను చేరుకోగలిగింది. పడిగె గట్టును దాటి రావలసిన అవసరమే అంతకుముందు లేదు.

చర్లకు గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ గాథలను కోయ, తెలుగు భాషలలో గానం చేసిన డోలి కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఇకపై చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు మండలాలలో పడిగెలను నమోదు చేసే పరిశోధకులు బొమ్మలను ఛాయాచిత్రాలు తీసి ఊరుకోకుండా, ఏ గట్టు పడిగెను ఏ డోలి ఏ క్రమంలో పాడాడో ఆ గానాన్ని కోయభాషలోనే రికార్డు చేసి, పాడినవారి పేరుతోనే ప్రకటించవలసి ఉంది.