దుకాణం అమ్మితే ఏమిచ్చినట్టు?

ఇల్లు అమ్మితే తాళంచెవులూ, దస్తావేజులూ ఇస్తాం. బంగారం అమ్మితే తూచి ఇస్తాం. పాడిగేదెని అమ్మితే ఓ పూట పాలు పిండి చూపించి మరీ ఇస్తాం. మరి తరాలపాటు నడిచిన మరమ్మతు దుకాణం అమ్మితే ఏమిచ్చినట్టు? సుత్తులూ, పట్టకార్లూ, లేతు మిషనూ అప్పగిస్తే సరిపోతుందా? పాత ఇనుం కొనేవాడైనా అవి మోసుకుపోగలడు కదండీ!

ఈ ప్రశ్నకి ఒక రకం జవాబు ఇంగ్లండులోని బాత్ నగరంలో కనిపించింది నాకు. పేరులోనే స్నానం ఉన్న ఊరది. రోమనులు కట్టుకున్న వేడినీళ్ళ స్నానశాలలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కొందరైతే, 1801 నించి 1806 దాకా జేన్ ఆస్టిన్ నివసించిన ఊరని వెళ్ళేవాళ్ళు కొందరు. బ్రిస్టల్లో ఉన్న మా అమ్మాయి దగ్గిరికి వెళ్ళినప్పుడు నేనూ ఆ మర్యాదలన్నీ తీర్చుకున్నాను. కానీ ఇంటికొచ్చాక కూడా వదలకుండా మనసులో కూచున్నది జూలియన్ రోడ్డులో చూసిన ఓ పాత కొట్టు.

దాని కథ ఇది. 1872లో జోనాథన్ బర్డెట్ బౌలర్ అనే ఆయన ఆ ఊళ్ళో కొట్టు పెట్టాడు. ఇత్తడి పోతపోయడం, గ్యాసు గొట్టాలు వెయ్యడం, తాళాలు బాగుచెయ్యడం, కలవారి ఇళ్ళలో నౌకర్లని పిలిచే గంటలు బిగించడం, యంత్రాలు మరమ్మతు చెయ్యడం, ఇలా ఆయన చెయ్యని పని లేదు. ఇవి చాలనట్టు సోడాలూ, తీపి పానీయాలూ తయారుచేసి అమ్మేవారు కూడాను. వాటిలో ఒకదాని పేరు 'ఆరెంజ్ షాంపేన్', ఇంకోదాని పేరు 'హాట్ టామ్'. ఒకే కప్పు కింద ఇత్తడి కుళాయీ దొరుకుతుంది, దాహానికి సోడా దొరుకుతుంది!

సోడా అనగానే నాకు మన గోళీసోడా గుర్తొచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ గోళీసీసాకి లండన్లో హిరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది కూడా ఆ 1872లోనే. సీసాని తలకిందులుగా పట్టి నింపుతారు. లోపలి గ్యాసు ఒత్తిడికి గోళీ వచ్చి మెడ దగ్గిరున్న రబ్బరు చుట్టకి అతుక్కుపోతుంది. బిరడా అక్కర్లేదు. బొటనవేలితో నొక్కితే 'కీచ్'మంటుంది. చిన్నప్పుడు తిరనాళ్ళలో మనం మోజుపడి తాగిన ఆ సోడా పుట్టిల్లు ఇంగ్లండన్నమాట!

మళ్ళీ బౌలరు గారి కొట్టుకి వద్దాం. ఆ కుటుంబం వాళ్ళకి ఓ గుణం ఉండేది. ఏదీ పారేసేవారు కాదు. (మనింట్లో అలాంటివాళ్ళుంటే మనం ఏమంటామో మీకు తెలుసు.) బిల్లులూ, ఉత్తరాలూ, లెక్కల పుస్తకాలూ, సీసాలూ, మేకులూ అన్నీ అలాగే ఉండిపోయాయి. వాటితోపాటు చెక్కతో చేసిన నమూనాలూ ఉండిపోయాయి. ఇత్తడి సామాను పోతపొయ్యాలంటే ముందు దాని నమూనా చెక్కలో చెయ్యాలి. దాన్ని ఇసకలో అదిమితే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన ఇత్తడి పోస్తే వస్తువు తయారు. నమూనా దాచి ఉంచితే, ముప్ఫై ఏళ్ళ తరవాత అదే కుళాయి విరిగినా మళ్ళీ అచ్చంగా అలాంటిదే పొయ్యచ్చు. అంటే ఊళ్ళో ఏ ఇంట్లో ఏ కుళాయి ఉందో ఆ కొట్టు గోడలు గుర్తుపెట్టుకున్నాయన్నమాట. మరమ్మతు దుకాణానికి అసలు ఆస్తి ఆ జ్ఞాపకమేనని నాకు అక్కడే తోచింది.

తొంభైయేడేళ్ళు నడిచి, 1969లో ఆ వ్యాపారం మూతపడింది. మామూలుగా అయితే ఆ సామానంతా తూకానికి పోవలసిందే. అప్పుడు రస్సెల్ ఫ్రియర్స్ అనే ఆయన ముందుకొచ్చి ఆ సరంజామా కొన్నాడు. నగల పెట్టె కొన్నవాళ్ళుంటారు గానీ, తుప్పు మేకులూ చిత్తు కాగితాలూ కొన్న మహానుభావుడిని గురించి నేను వినడం అదే మొదలు. 1777లో టెన్నిస్ కోర్టుగా కట్టిన ఓ పాత భవనంలో 1978లో వాటితో మ్యూజియం తెరిచారు. కప్పు కింద పొడుగాటి ఇరుసు, దాన్నించి యంత్రాలకి దిగే బెల్టులు, లెక్కలు రాసే గది అన్నీ యథాతథంగా అమర్చారు. ఇప్పుడే ఎవరో పని ఆపి భోజనానికి వెళ్ళినట్టుంటుంది.

చూస్తూంటే సంతోషమూ వేసింది, దిగులూ వేసింది. వస్తువులన్నీ బతికాయి. కానీ ఆ చెక్క నమూనా కోసం విరిగిన కుళాయి పట్టుకుని ఎవరూ రారు కదా!

నా దిగులుకి కారణముంది. తెనాలిలో మా మామగారు 1958లో పెట్టిన కొట్టు ఉంది. ఆయిలింజన్లూ, నీళ్ళ పంపులూ, గోళీసోడా మిషన్లూ బాగుచేసేవారు. ఆయన తరవాత మా బావగారు నడిపారు. బావగారికి డెబ్భై దాటాయి. పిల్లలు హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూచున్నారు, వాళ్ళని తప్పుపట్టేదేమీ లేదు. కొట్టు అమ్మక తప్పని రోజు వచ్చింది. బజారులో జాగా గనక బట్టల షాపు వాళ్ళు మంచి ధరే చెప్పారు. కొట్టులో ముప్ఫైయేళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రీ తనకిమ్మని అడిగాడు. అతను ఇవ్వగలిగింది అందులో సగం, అదీ వాయిదాల మీద.

ఇంట్లో మాటామాటా వచ్చింది. "ముసలితనానికి ఆ డబ్బే కదా మాకు ఆధారం" అంది మా తోడికోడలు. ఆవిడ మాటా అబద్ధం కాదు. వాయిదా తప్పితే బావగారు నిన్నటిదాకా తన దగ్గిర పనిచేసినవాడి గుమ్మంలో నిలబడాలి.

మేస్త్రీ ఒక్క మాటే అడిగాడు. "అయ్యగారూ, లేతు పాతదైపోయింది, నేనెలాగూ మార్చుకోవాలి. పెద్దయ్యగారి కొలతల పుస్తకం మాత్రం నాకిస్తారా?"

చమురు మరకలతో అట్టలు నల్లబడిన పుస్తకం అది. ఎవరి పంపుకి ఎంత లావు ఇరుసు, ఏ ఊరి ఇంజనుకి ఏ వాషరు, ఎవరు బాకీ పడితే అడక్కూడదో అన్నీ మా మామగారి చేతిరాతలో ఉన్నాయి. బట్టల షాపు వాళ్ళు ఆ పుస్తకం సంగతే ఎత్తలేదు. ఎత్తడానికి వాళ్ళకేం పని?

చివరికి మా తోడికోడలే మధ్యేమార్గం చెప్పింది. జాగా అమ్మకుండా మేస్త్రీకి అద్దెకివ్వడం, పనీ పేరూ సామానూ మాత్రం అతనికి అమ్మడం. నెలనెలా అద్దె వీళ్ళకి ఆధారం, ధరలో ఆ భాగం తగ్గింది గనక వాయిదా అతనికి భారం కాదు. ఇందులో ఇంకో షరతు అతనే పెట్టాడు. ఆరునెలలపాటు బావగారు రోజూ పొద్దున్న వచ్చి కుర్చీలో కూచోవాలిట. పుస్తకంలో రాయనివి అడిగి తెలుసుకోవాలిట.

బాత్‌లో సరుకంతా దొరికింది గానీ అలా కుర్చీలో కూచుని చెప్పేవాళ్ళు మాత్రం లేరు. ఇక్కడ ఇంకా ఉన్నారు. ఇప్పుడు బావగారు తొమ్మిదయ్యేసరికి ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరుతున్నారు. "జీతం లేని కొలువు" అని మా తోడికోడలు సణుగుతూనే టిఫిను డబ్బా చేతికిస్తోంది. అందులో ఇడ్లీలు మేస్త్రీకి కూడా సరిపోయేలా ఉంటున్నాయి.