యిర్మీయా పొలం, మార్లవాయి పట్టా

హీబ్రూ ప్రవక్తల సాహిత్యంలో ఆశ గురించి ఉపన్యసించే పండితులు చాలావరకు యెషయాతో మొదలుపెడతారు. తోడేలూ గొర్రెపిల్లా కలిసి బతికే రోజుల వర్ణన సభను ఇట్టే కట్టిపడేస్తుంది. అదే ఉపన్యాసం ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇవ్వాల్సి వస్తే మాత్రం యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తీయడం మేలు. అందులో ఆశకు సాక్షి సంతకాలున్నాయి.

క్రీ.పూ. 587 ప్రాంతం. బాబిలోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ఓటమి తప్పదని చెప్పినందుకు యిర్మీయాను రాజు ఖైదులో పెట్టాడు. అప్పుడు ఆయన తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. దాయాదికే మొదటి హక్కు. కానీ అప్పుడు ఆ పొలాన్ని కానీకి కూడా ఎవరూ అడగరు. అయినా మళ్లీ మంచి రోజులొస్తాయన్న ఆశతో యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసింది, ఒకటి తెరిచి ఉంచింది. వాటిని మట్టికుండలో భద్రం చేయమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ఇలాంటి జంట దస్తావేజుల పద్ధతి కల్పన కాదు. 1961లో మృతసముద్రం దగ్గర ఒక గుహలో బబతా అనే యూదు స్త్రీ దాచుకున్న రెండో శతాబ్దపు కాగితాలు దొరికాయి. వాటిలోనూ ఇలాంటివున్నాయి.

గోండుల దగ్గర లేనిది ఆ కాగితమే. తరతరాలుగా దున్నిన నేల నిజాం జమానాలో రిజర్వు అడవి కింద పోయింది, లేదా మైదానం నుంచి వచ్చినవాళ్ల పేరిట పట్టా అయింది. 12 గూడేల భూమి కోసం తిరగబడిన కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాతే సర్కారుకు గోండుల గోడు వినాలనిపించింది. వినడానికి వెళ్లినవాడు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానం దాటలేని స్థితి ఆయనది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గూడెంలో ఉన్నారు. అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించారు, గోండీ వాచకాలు తయారు చేయించారు, సర్కారు భూమి ఇచ్చే లావుణి పట్టాల కోసం అధికారుల వెంటపడ్డారు.

ఆ రోజుల్లోనే ఆయన గోండుల కథాగాయకులైన ప్రధాన్ల నోట పురాణాలు విని రాసుకున్నారు. కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడే ఒక కథలో గోండు దేవతలు గుహలో బందీలైతే పహండి కుపార్ లింగాల్ వచ్చి విడిపిస్తాడు. నాగపూర్ ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ సేకరించిన లింగో గాథ ఆయన పోయాక, 1866లోనే అచ్చయింది. బైబిలు చదివినవాళ్లకు ఇక్కడ మోషే గుర్తుకు రాక మానడు. తేడా కూడా చిన్నది కాదు. ప్రధాన్ పాటలో విముక్తి అయిపోయిన కథ. యిర్మీయాకు అది ఇంకా రావలసిన కబురు.

1970ల్లో హైమెన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూస్తే, తాము ఇప్పించిన భూముల్లో చాలావరకు మళ్లీ చేతులు మారాయి. ఆదివాసీల భూమి ఇతరులకు పోకుండా ఆపే 1959 నాటి భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ఏజెన్సీకి వచ్చింది, 1970 సవరణతో కట్టుదిట్టమైంది. జనం నోట అదే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. అప్పటికే చాలా నేల పోయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గొంతు వినిపించడానికి కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. ఆ లెక్కను అక్కడ నమ్మేవాళ్లు తక్కువ.

2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్నామని చూపిన ఆదివాసీలకు హక్కు పత్రం ఇస్తారు. కాగితం లేనివాళ్లకూ దారి ఉంది. ఊరి పెద్దమనుషులు చెప్పిన మాటను రాసి గ్రామసభ ముందు పెడితే సాక్ష్యంగా చెల్లుతుంది. అయితే ఆ ఒక్కటే సరిపోదు, తోడుగా మరో రకం ఆధారం కూడా కావాలి.