ఎరువుల కొట్టు – రైతు సలహా



పైరు ఆకు పసుపు తిరిగిందనుకోండి. మీరు ముందుగా ఎవరి దగ్గరకు వెళతారు? చాలామంది ఎరువుల కొట్టుకే వెళతారు. కొట్టు దగ్గరలో ఉంటుంది, పొద్దున్నే తలుపు తీసి ఉంటుంది, అప్పు కూడా పుడుతుంది. ఇది తప్పని మేము అనడం లేదు. 2003లో జాతీయ నమూనా సర్వే వారు దేశమంతటా రైతు కుటుంబాలను విచారించినారు. కొత్త సేద్య విషయాలు వర్తకుల వద్ద తెలుసుకొన్నవారు నూటికి 13 మంది. రేడియో ద్వారా తెలుసుకొన్నవారూ అంతే. విస్తరణ ఉద్యోగి ద్వారా తెలుసుకొన్నవారు నూటికి ఆరుగురే. అంటే ఊళ్లో వ్యవసాయ పాఠం చెప్పేవారిలో కొట్టు యజమాని కూడా ఒకడు. అయితే అతనికి రాబడి పాఠం మీద కాదు, బస్తా మీద. ఈ రెంటికీ పొత్తు కుదర్చాలని మన దేశంలో జరిగిన ప్రయత్నాల చరిత్రే నేటి మన విషయం.

మొదట ఎరువు సర్కారు చేతిలోని సరుకు. 1944లో కేంద్ర ఎరువుల పూల్ ఏర్పడినది. అమ్మోనియం సల్ఫేటు రాష్ట్రాలకు, అక్కడి నుంచి ఎక్కువగా సహకార సంఘాలకు చేరేది. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక గ్రామసేవకుడు ఊరూరా తిరిగి దాని వాడకం నేర్పినాడు. ఆనాటి చిక్కు ఎరువు ఎక్కువ వేయడం కాదు, అసలు వేయకపోవడం. రసాయనిక ఎరువు భూమిని చెరుపుతుందని పెద్దలు భయపడేవారు. 1957లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వచ్చినది. అది కల్తీని పట్టించుకొన్నది, ధరను పట్టించుకొన్నది. వర్తకుడు రైతుతో ఏమి చెప్పాలో మాత్రం పట్టించుకోలేదు. శివరామన్ కమిటీ 1965లో నివేదిక ఇచ్చిన పిమ్మట ప్రయివేటు వర్తకులకు దారి విశాలమైనది. మేలిరకం వంగడాలు వచ్చినవి, ఎరువుకు గిరాకీ పెరిగినది, కొట్లూ పెరిగినవి.

తరువాతి మలుపు 1992. ఆ సంవత్సరం ఆగస్టులో భాస్వరం, పొటాషు ఎరువులపై ధరల కట్టడి తీసివేసినారు. యూరియా ధర మాత్రం సర్కారు అదుపులోనే ఉన్నది. ఏమి జరిగినదో చూడండి. 1991-92లో దేశంలో వాడిన నత్రజని, భాస్వరం, పొటాషుల పాళ్లు 5.9 : 2.4 : 1. ఒక్క ఏడు తిరిగేసరికి అవి 9.5 : 3.2 : 1 అయినవి. రైతు చవకయిన బస్తా అడిగినాడు, వర్తకుడు అడిగినదే ఇచ్చినాడు. నత్రజని మితిమీరిన వరి ఏపుగా పెరిగి పడిపోతుందనీ, దోమనూ తెగుళ్లనూ పిలుస్తుందనీ మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ స్థితిలో వర్తకునికే చదువు చెప్పాలన్న ఆలోచన మన హైదరాబాదులోనే పుట్టినది. రాజేంద్రనగరులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ, అదే మేనేజ్, 2003లో ‘దేశీ’ అనే డిప్లొమా ప్రారంభించినది. ఏడాది చదువు, 48 వారాలు. కొట్టు కట్టివేయనక్కరలేకుండా సంతబడి సెలవునాడు తరగతులు పెట్టినారు. నేలలు, ఎరువులు, పురుగులు, తెగుళ్లు, చట్టాలు – అన్నిటి మీదా పాఠాలు, పొలం చూపులు. మొదట ఖర్చు వర్తకునిదే. 2015-16 నుంచి 20,000 రూపాయల ఫీజులో సగం కేంద్రం భరించసాగినది. 2015లోనే ఎరువుల లైసెన్సుకు వ్యవసాయ చదువు ఉండాలన్న నిబంధన కూడా వచ్చినది. ఇక్కడ బెత్తమూ ఉన్నది, బెల్లమూ ఉన్నది.

ఇక రాబడి మాట. 2016లో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో యంత్రం మీద వేలిముద్ర వేసి ఎరువు కొనే పద్ధతిని ప్రయోగంగా పెట్టినారు. 2018 నాటికి అది దేశమంతటికీ వచ్చినది. ఆ ఏటి ఏప్రిల్ నుంచి యూరియా వర్తకుని కమిషన్ టన్నుకు 354 రూపాయలుగా నిర్ణయించి, యంత్రంలో నమోదయిన అమ్మకానికే ఇస్తామన్నారు. అంతకుముందు ప్రయివేటు వర్తకునికి 180 మాత్రమే. దీనివల్ల లెక్క తేటపడినది. కాని లెక్కను ఇంకొక వైపు నుంచి చూడండి. 45 కిలోల బస్తాకు కమిషన్ సుమారు 16 రూపాయలు. మీరు పది బస్తాలు అడిగితే అతనికి 160. “అన్నా, నీ నేలకు ఏడు చాలు” అన్నాడా, వచ్చేది 112. మంచి సలహా చెప్పినందుకు 48 రూపాయలు చేజారినవి! చదువు నేర్పినాం గాని, ఆ చదువు వాడినవానికి ఫలితం చూపలేదు. చిక్కు ముడి ఇదే.

2023 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. ప్రణామ్ పథకం ఈ ముడిని ఇంకో కొసన పట్టుకొన్నది. గత మూడేళ్ల సగటుకన్నా రసాయనిక ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, ఆ విధంగా మిగిలిన సబ్సిడీలో సగం ఇస్తామన్నది. అందులో కొంత రైతులకు, పంచాయతీలకు, ఉత్పత్తిదారుల సంఘాలకు, స్వయం సహాయక బృందాలకు బహుమానంగా ఇవ్వవచ్చు. ఎరువు చేతికిచ్చే వర్తకుని పేరు మాత్రం ఆ వరుసలో చెప్పలేదు.

పరదేశపు మాట ఒకటి వినండి. అమెరికాలో ఈరీ సరస్సు పడమటి ప్రాంతంలో, పొలాల నుంచి కొట్టుకువచ్చే భాస్వరంతో నీటిలో విషపు నాచు పెరిగినది. 2014 ఆగస్టులో టొలీడో నగరంలో సుమారు 4 లక్షల మందిని కుళాయి నీరు తాగవద్దన్నారు. ఆ ఏడు మార్చిలోనే అక్కడ ఎరువుల వర్తకులకు ఒక ధ్రువపత్రం ఏర్పాటయినది. సరియైన ఎరువు, సరియైన మోతాదు, సరియైన సమయం, సరియైన చోటు – ఈ నాలుగూ పాటిస్తున్నారా అని బయటివారు వచ్చి పుస్తకాలు తనిఖీ చేస్తారు. డబ్బు బహుమానం లేదు, పేరే బహుమానం. అయినా మరుసటి ఏడు కూడా నాచు బాగా పెరిగినది. పత్రం గోడకెక్కినంత మాత్రాన సరస్సు తేటపడదు గదా!

మరి మనం చేయవలసినదేమి? రైతు సోదరులారా, పంటకు ముందే మట్టి పరీక్ష చేయించి, ఆ కార్డు పట్టుకొని కొట్టుకు వెళ్లండి. “ఏదో ఒకటి ఇవ్వు” అనకండి. వంగడం పేరు, పైరు వయస్సు, వెనుక వేసిన ఎరువు చెప్పండి. వరికి భాస్వరం ఆఖరు దమ్ములో వేయండి, నత్రజనిని మూడు దఫాలుగా పంచండి. రసీదు తప్పక తీసుకోండి. తక్కువ చాలునని చెప్పిన వర్తకుని మరువక, విత్తనాలకూ పనిముట్లకూ అతని కొట్టుకే వెళ్లండి. అతనికి చేజారిన 48 రూపాయలు పూడ్చగలవారు ఈ నాటికి మీరే.

విస్తరణ మిత్రులారా, వర్తకుని పోటీదారుగా చూడకండి. ఖరీఫుకు ముందు మీ మండలంలోని వర్తకులను కూర్చోబెట్టి, మీ నేలలకు తగిన మోతాదుల పట్టిక కొట్టు గోడకు అంటించండి. ప్రదర్శన క్షేత్రం చూడడానికి రైతుతో పాటు అతన్నీ పిలవండి. తక్కువ యూరియాతో పండిన చేను తన కంటితో చూసినవాడు, రేపు తన నోటితో అదే మాట రైతుకు చెబుతాడు.