సమోసా: పదచరిత్ర, పదార్థచరిత్ర

సమోసా పుట్టుకను గురించి ప్రచారంలో ఉన్న వాదాలు ప్రధానంగా రెండు. ఇది పారశీకం నుంచి వచ్చిందని ఒక వాదం. వంగదేశంలో దీనికున్న ‘సింగాడా’ అనే పేరును సంస్కృత ‘శృంగాటక’ శబ్దంతో ముడిపెట్టి, ఇది దేశీయమేనని మరొక వాదం. పదం ఎక్కడిదో తేలితే పదార్థం కూడా అక్కడిదేనన్న భావన రెండింటికీ ఆధారం. ఈ భావనే పరిశీలించదగినది.

‘సమోసా’ పదం పారశీకమనడంలో సందేహానికి తావు లేదు. 11వ శతాబ్దికి చెందిన బైహకీ చరిత్రలో ‘సంబూసా’ ప్రస్తావన ఉంది. 14వ శతాబ్దిలో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఆస్థానంలో ఉన్న ఇబ్న్ బతూతా దీనిని వివరంగానే వర్ణించాడు. ఖీమాను బాదం, పిస్తా, అక్రోటు, ఉల్లి, సుగంధద్రవ్యాలతో వండి, పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారట. అంతకంటె విలువైన సాక్ష్యం 16వ శతాబ్ది చివరి ‘ఆయినీ అక్బరీ’లో ఉంది. ‘ఖుతాబ్’ అనే వంటకాన్ని హిందూదేశ ప్రజలు ‘సంబూసా’ అంటారని అబుల్ ఫజల్ రాశాడు. అంటే పారశీక పదం అప్పటికే ఇక్కడివారి మాటగా లెక్కకు వచ్చింది! పదం జన్మస్థలం ఒకటి, దాని స్వస్థలం మరొకటి కావచ్చుననడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక శృంగాటకమంటే ముక్కోణపు నీటికాయ. ఆ పేరు ఆకారసామ్యాన్ని తెలుపుతుందే గాని వంటకం ప్రాచీనతను తెలుపదు. పిండిలో పూర్ణం పొదిగి వేయించే పద్ధతి మనకు కజ్జికాయలోనూ ఉంది. అంతమాత్రాన సమోసా తెలుగువారిదని ఎవరూ అనరు గదా. పైగా నేటి సమోసాలోని బంగాళాదుంప, మిరపకాయ రెండూ అమెరికా ఖండాలవి. పోర్చుగీసుల రాకకు పూర్వం ఇక్కడ లేనివి. కనుక ఇబ్న్ బతూతా తిన్నదీ నేడు బండిమీద అమ్మేదీ ఒకే వంటకమనడం సాహసమే.

ఈ చిక్కు హైదరాబాదులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇరానీ హోటళ్ళలోని ఉల్లిపాయ సమోసా పేరును, పలుచని పొరను నిలుపుకొని మాంసాన్ని వదులుకొన్నది. అదే నగరపు విందులలో వడ్డించే లుఖ్మీ చతురస్రాకారంలో ఉంటుంది, పేరూ వేరే. కాని లోపల ఖీమా ఉన్నది. తుగ్లక్ ఆస్థానపు వంటకానికి వీటిలో ఏది వారసురాలని అడిగితే, పదాన్ని అనుసరించేవారు మొదటిదానిని, పదార్థాన్ని అనుసరించేవారు రెండవదానిని చూపవలసి ఉంటుంది.